గట్టి బండిలో మనిషికి రక్ష ఎంత?

గోదావరి ఒడ్డున, బొగ్గు గనులను ఆశ్రయించి వెలసిన పట్టణము గోదావరిఖని. ఒకవైపు సింగరేణి గనులు, మరియొకవైపు రామగుండము విద్యుత్కేంద్రము, వాటి నడుమ కార్మికుల వాడలు. ఇదియే ఆ ప్రాంతపు స్వరూపము. అక్కడినుండి కరీంనగరము, సిద్దిపేటల మీదుగా హైదరాబాదు పోవు రాజీవ్ రహదారి మీద లారీలు, టిప్పర్లు, బస్సులు రాత్రింబవళ్ళు నడచుచుండును. అట్టి దారిలో రెండు వందల కిలోమీటర్లకు పైగా కుటుంబముతో ప్రయాణము చేయవలసినవారు "చిన్న కారు వద్దు, గట్టి బండి కావలెను" అని తలచుట సహజమే. ఎత్తైన చక్రములు, బరువైన ఉక్కు చట్రము, ఏడుగురికి చోటు గల ఎస్.యు.వి. తరగతి వాహనములు మన ఊళ్ళలో ఇంతటి ఆదరణ పొందుటకు హోదా ఒక కారణమైతే, ఈ నమ్మకము మరియొక కారణము.

ఈ నమ్మకము ఎంతవరకు నిజము? తట్టిన గట్టిగా మ్రోగెడి బండి, ఢీకొన్నప్పుడు లోనివారిని కాపాడునా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము ఒక్కనాట దొరకలేదు. పలువురు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు కొన్ని దశాబ్దములు శ్రమించిన పిమ్మట గాని దాని స్వరూపము తేటపడలేదు. ఆ సమాధానము సామాన్యుని ఊహకు కొంత విరుద్ధముగా నుండుట విశేషము.

ఒక ప్రమాదము, మూడు తాకిడులు

గంటకు 54 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకండుకు 15 మీటర్ల వేగముతో పోవుచున్న బండి ఒక గోడను ఢీకొనినదనుకొందము. ఇది చాల తక్కువ వేగమని మనకు తోచును. కాని పదకొండున్నర మీటర్ల ఎత్తునుండి జారవిడిచిన రాయి నేలను తాకునప్పటి వేగము సరిగా ఇంతియే. మూడంతస్తుల మేడ పైనుండి పడుటయు, ఈ వేగముతో గోడకు కొట్టుకొనుటయు ఇంచుమించు ఒక్కటే. వేగము రెట్టింపైనచో గతిజశక్తి నాలుగు రెట్లగును గనుక, గంటకు 108 కిలోమీటర్ల వేగము 46 మీటర్ల ఎత్తుతో సమానము.

ప్రమాదములో మొదటి తాకిడి బండికిని గోడకును జరుగును. బండి ఆగినను, జడత్వము వలన లోని మనిషి అదే వేగముతో ముందునకు పోవుచునే యుండును. స్టీరింగుకో, అద్దమునకో, ముందు సీటునకో అతడు కొట్టుకొనుట రెండవ తాకిడి. దేహము ఆగిన పిమ్మట లోపలి అవయవములు తమ గూటికి తగులుట మూడవ తాకిడి. అప్పుడు మెదడు పుర్రె గోడకు, గుండె ఱొమ్ము ఎముకకు కొట్టుకొనును. ప్రాణము తీయునవి సాధారణముగా ఈ చివరి రెండు తాకిడులే.

ఇందులో ప్రధానమైన సంగతి ఆగుటకు పట్టిన దూరము. బండి ముందు భాగము 60 సెంటీమీటర్లు నలిగి ఆగినచో, సెకండులో సుమారు పన్నెండవ వంతు కాలము పట్టును; లోనివారు పొందు సగటు ఋణత్వరణము గురుత్వ త్వరణమునకు 19 రెట్లుండును. ముందు భాగము మిక్కిలి గట్టిదై 10 సెంటీమీటర్లు మాత్రమే నలిగినచో, అది 115 రెట్లగును. బండికి సొట్ట తక్కువ, మనిషికి దెబ్బ ఎక్కువ! ప్రమాదము తరువాత "బండికి ఏమియు కాలేదు" అనుట సంతోషింపదగిన మాట కాకపోవచ్చునని ఈ చిన్న లెక్క తెలుపుచున్నది.

గుడ్డు పగులని సంచి

మోటారు కార్లు వచ్చిన తొలి దినములలో ఈ విషయము ఎవరికిని పట్టలేదు. ప్రమాదము డ్రైవరు తప్పు. గాయము విధి వ్రాత. ఈ భావమును ప్రశ్నించినవారిలో హ్యూ డి హేవెన్ అను అమెరికను ముఖ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున, 1917లో, ఆయన విమాన శిక్షణ పొందుచుండగా రెండు విమానములు ఢీకొని కూలిపోయెను. ఆయన తీవ్రముగా గాయపడి బ్రతికెను. తన కడుపులోని గాయములకు తన నడుమునకు కట్టిన పట్టీ బిళ్ళయే కారణమని ఆయన గ్రహించెను. అనగా, మనిషిని చంపునది కూలిపోవుట మాత్రమే కాదు, కూలినప్పుడు అతనికి తగిలెడి వస్తువుల ఆకారము కూడ.

1942లో ఆయన ప్రకటించిన పరిశోధన నేటికిని ప్రసిద్ధము. 50 నుండి 150 అడుగుల ఎత్తునుండి పడియు బ్రతికినవారి ఉదంతములను ఆయన అందు పరీక్షించెను. వారు పడిన చోట మెత్తని నేలయో, వంగిపోయెడి రేకు కప్పో ఉండి, దెబ్బను దేహమంతట పంచి, కొలది అంగుళముల దూరములో వారిని ఆపినవి. ఆ ఏడే కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో ప్రమాద గాయముల పరిశోధన ఆయన ఆధ్వర్యమున మొదలయ్యెను. పగిలెడి సరకును పంపునప్పుడు పెట్టెలో ఎట్లు సర్దుదుమో, మనిషిని బండిలో అట్లు సర్దవలెననునది ఆయన వాదము. గుడ్డును ఇనుప పెట్టెలో పెట్టి ఊపినచో పెట్టెకు గీత పడదు. గుడ్డు మాత్రము మిగులదు.

మనిషి దేహము ఎంత ఋణత్వరణమునకు ఓర్చుకొనగలదు? దీనిని తెలిసికొనుటకు అమెరికా వైమానిక దళపు వైద్యుడు జాన్ పాల్ స్టాప్ తన దేహమునే పరికరముగా చేసికొనెను. 1954 డిసెంబరు 10వ తేదీన ఆయన రాకెట్లు బిగించిన బండిలో గట్టి పట్టీలతో తన్ను కట్టించుకొని, గంటకు 1,017 కిలోమీటర్ల వేగమునందుకొని, 1.4 సెకండ్లలో ఆగెను. గురుత్వమునకు 46 రెట్లకు మించిన ఋణత్వరణమును ఆయన భరించి బ్రతికెను. సరిగా కట్టి ఉంచినచో మనిషి దేహము మనమనుకొన్నంత దుర్బలము కాదని దీనివలన రుజువయ్యెను. కట్టి ఉంచవలెను – కిటుకంతయు ఇందే ఉన్నది.

నలిగెడి ముక్కు, నలుగని గూడు

ఇక బండి నిర్మాణము సంగతి. బండి ఎంత బిరుసుగా నుండిన అంత సురక్షితమని ఇంజనీర్లు కూడ చాలకాలము తలచిరి. ఈ భావమును తలక్రిందులు చేసినవాడు బేలా బరేన్యి. ఆయన జర్మనీలో మెర్సిడెస్-బెంజ్ సంస్థలో ఇంజనీరు. బండిని మూడు భాగములుగా చూడవలెననియు, మనుష్యులు కూర్చుండెడి నడిమి గూడు మిక్కిలి గట్టిగా నుండి, ముందు వెనుక భాగములు ఢీకొన్నప్పుడు నలిగి గతిజశక్తిని హరింపవలెననియు ఆయన సూచించెను. 1951లో దీనికి పేటెంటు కోరెను. 1959లో వెలువడిన మెర్సిడెస్ కార్లలో ఈ నిర్మాణము తొలిసారిగా పూర్తిగా అమలయ్యెను.

గోదావరిఖని గని కార్మికునకు ఈ సూత్రము కొత్తది కాదు. గనిలో పైకప్పునకు ఊతముగా నిలిపెడి కర్ర ప్రాపు విరుగుటకు ముందు చిటపట శబ్దము చేసి, కొంత నలిగి, మనిషిని హెచ్చరించును. హైడ్రాలిక్ ప్రాపు ఇంకను తెలివైనది. పైకప్పు భారము ఒక హద్దును మించినప్పుడు అందలి కవాటము తెరచుకొని కొంత ద్రవము వెలుపలికి పోవును. ప్రాపు రవంత క్రుంగును, కాని భారమును మోయుట మానదు. సింగరేణి గనులలో 1983లో ప్రవేశించిన లాంగ్‌వాల్ పద్ధతిలోని యంత్ర ఊతములు, 2014లో రామగుండము ప్రాంతపు అడ్రియాల గనిలో నెలకొల్పిన 1,152 టన్నుల సామర్థ్యము గల ఊతములు, అన్నియు ఈ నియమము మీదనే పనిచేయును. లొంగని ఊతము ఒక్కసారిగా విరుగును. కొలతగా లొంగెడి ఊతము నిలిచి కాపాడును. అయితే ఊతము క్రింద కార్మికుడు నిలుచుటకు చోటు మిగిలియుండవలెను గదా. బండిలోను అంతే. ముక్కు లొంగవలెను, గూడు లొంగరాదు.

1959లోనే మరియొక గొప్ప మేలు జరిగెను. విమానములలో పైలట్లను వెలుపలికి ఎగురగొట్టెడి సీట్లను రూపొందించిన అనుభవము గల నీల్స్ బోలిన్, స్వీడనులోని వోల్వో సంస్థలో చేరి, భుజము మీదుగాను, నడుము మీదుగాను పోయి ఒక్కచోట బిగియునట్టి మూడు కొనల సీటు బెల్టును కనిపెట్టెను. దెబ్బ మెత్తని కడుపు మీద గాక గట్టి ఎముకలైన కటి, ఱొమ్ము, భుజముల మీద పడునట్లు అది అమరును. వోల్వో సంస్థ ఆ పేటెంటును ఇతర తయారీదారులు కూడ వాడుకొనుటకు విడిచిపెట్టెను. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము బెల్టు ధరించుటను చట్టముతో నిర్బంధము చేసెను. తరువాత ఇతర దేశములు ఆ దారి పట్టెను.

గాలి సంచి, అనగా ఎయిర్‌బ్యాగు, ఈ బెల్టునకు తోడు మాత్రమే. అది సెకండులో కొన్ని వందల వంతుల కాలములో ఉబ్బి, బెల్టుతో నిలిచిన మనిషి తలను, ఱొమ్మును అందుకొనును. బెల్టు లేనివాడు అది ఉబ్బకమునుపే దానిమీదికి పోవుటచే, దానివలననే దెబ్బ తగులవచ్చును.

మన దేశములో పరీక్ష

మన దేశములో గట్టి బండి అనగానే గుర్తునకు వచ్చునది జీపు. 1947 నుండి మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చసాగెను. యుద్ధరంగమునకై పుట్టిన ఆ బండి గుంతలు, బురద, రాళ్ళను లక్ష్యపెట్టదు. పొడవైన రెండు ఉక్కు దూలములను అడ్డుకమ్ములతో కలిపిన నిచ్చెన వంటి చట్రము దాని బలము. చెడుదారికి ఓర్చుట ఒక గుణము. ఢీకొన్నప్పుడు మనిషిని కాపాడుట మరియొక గుణము. మొదటిది ఉన్నచో రెండవదియు ఉన్నట్లేనని జనులు తలచిరి. 2000లో వచ్చిన బొలేరోకు, 2002లో వచ్చిన స్కార్పియోకు ఆ నమ్మకము వారసత్వముగా సంక్రమించెను.

ఆ నమ్మకమును కొలిచి చూచుట 2014లో మొదలయ్యెను. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ భారతదేశములో అమ్మెడి కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో, ముందు భాగములో 40 శాతము మాత్రమే తగులునట్లు, నలిగెడి అడ్డుగోడకు ఢీకొట్టించి, లోపల కూర్చుండబెట్టిన బొమ్మలకు తగిలిన దెబ్బలను కొలిచెను. ఆ ఏడు మొదట పరీక్షించిన అయిదు చిన్న కార్లకును పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమైనను రాలేదు. చిన్న కార్లు గనుక ఇట్లయ్యెనని కొందరు సరిపెట్టుకొనిరి. కాని 2016లో గాలి సంచులు లేని స్కార్పియోను పరీక్షింపగా దానికిని పెద్దల రక్షణలో సున్నయే వచ్చెను. బరువైన చట్రము ఉన్నంత మాత్రాన లోనివారికి రక్ష లేదని ఆనాడు తేటపడెను.

2018లో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రములు పొంది, ఆ పరీక్షలో అట్టి ఫలితము సాధించిన మొదటి భారతీయ వాహనమయ్యెను. 2022లో, మునుపటికంటె కఠినమైన పరీక్షలో, అదే పేరుతో క్రొత్తగా రూపొందిన స్కార్పియో-ఎన్ పెద్దల రక్షణలో అయిదు నక్షత్రములు పొందెను. రెండింటికిని నిచ్చెన చట్రమే. మారినది ముందు దూలములు నలిగెడి తీరు, గూటి బలము, బెల్టులు, గాలి సంచులు. అయితే పిల్లల రక్షణలో స్కార్పియో-ఎన్‌కు మూడు నక్షత్రములే వచ్చినవి. 2024లో పరీక్షించిన బొలేరో నియోకు రెండు గాలి సంచులున్నను పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమే వచ్చెను; దాని గూడు స్థిరముగా నిలువలేదని పరీక్షకులు తేల్చిరి. చూచుటకు ఒకే తీరున నుండు బండ్లలో ఇంత భేదమున్నది. కంటితో చూచి, రేకును తట్టి దీనిని పసిగట్టుట అసాధ్యము.

చట్టము కూడ క్రమముగా కదలినది. ఢీకొట్టు పరీక్షలు క్రొత్త నమూనాలకు 2017లోను, అన్ని కార్లకు 2019లోను తప్పనిసరి అయినవి. డ్రైవరు గాలి సంచి 2019 జూలై నుండి నిర్బంధమయ్యెను. 2023 అక్టోబరు నుండి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరిట నక్షత్రములిచ్చు పద్ధతిని అమలు చేయుచున్నది. ఆ ఏడు డిసెంబరులో టాటా సంస్థవారి సఫారీ, హారియర్ వాహనములు అందు మొదటి అయిదు నక్షత్రములు పొందినవి.

బండి చేయలేని పని

ఎంత మంచి బండియైనను కట్టి ఉంచని మనిషిని కాపాడలేదు. 2018 ఆగస్టు 29వ తేదీ తెల్లవారుజామున నల్లగొండ జిల్లా అన్నెపర్తి వద్ద జరిగిన ప్రమాదము తెలుగువారు మరువలేనిది. సినీ నటుడు, రాజ్యసభ మాజీ సభ్యుడు నందమూరి హరికృష్ణ స్వయముగా నడుపుచున్న టొయోటా ఫార్చ్యూనర్ అదుపు తప్పి పల్టీ కొట్టెను. ఆ తరగతిలో అది పేరుపొందిన దృఢమైన వాహనము. ఆయన బెల్టు ధరించి యుండలేదనియు, బండిలోనుండి వెలుపలికి విసిరివేయబడెననియు వార్తలు తెలిపినవి. ఆయనతో ప్రయాణించిన ఇద్దరు గాయములతో బయటపడిరి. పల్టీ కొట్టెడి బండిలో గూడు నిలిచినను, ఆ గూటిలో మనిషి నిలువకున్నచో గూటి బలము వ్యర్థము.

ఎత్తైన బండికి పల్టీ అను ప్రమాదము తోడబుట్టినదే. ఎడమ కుడి చక్రముల నడుమ వెడల్పులో సగమును గరిమనాభి ఎత్తుతో భాగించి చూడుడు. వెడల్పు 1.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 55 సెంటీమీటర్లు గల కారునకు ఆ సంఖ్య 1.36, అంతే వెడల్పుండి గరిమనాభి 70 సెంటీమీటర్ల ఎత్తున నున్న బండికి 1.07. సంఖ్య తగ్గినకొలది పల్టీ సులభము. పైకప్పు మీద సామాను కట్టినచో గరిమనాభి ఇంకను పైకి పోవును. 1995లో కార్లలో ప్రవేశించిన ఎలక్ట్రానిక్ స్థిరతా నియంత్రణము ఒక్కొక్క చక్రమునకు వేరువేరుగా బ్రేకు వేసి ఈ ప్రమాదమును చాలవరకు తగ్గించుచున్నది. అయినను ప్రకృతి సూత్రమును అది రద్దు చేయలేదు.

ఇక బరువు సంగతి. రెండు టన్నుల ఎస్.యు.వి., ఒక టన్ను కారు, చెరి 54 కిలోమీటర్ల వేగముతో ఎదురెదురుగా ఢీకొని కలిసిపోయినచో, ఎస్.యు.వి. వేగములో మార్పు 36 కిలోమీటర్లు, చిన్న కారునకు 72. పెద్ద బండికి కలిగిన మేలు చిన్న బండివారికి కీడైనది. కాని బొగ్గు గనుల దారిలో ఎదురగునది చిన్న కారు మాత్రమే కాదు. ముప్పది టన్నుల టిప్పరు అదే విధముగా ఎదురైనచో, ఎస్.యు.వి. వేగములో మార్పు 101 కిలోమీటర్లు. చిన్న కారునకైనచో 104½. తేడా మూడున్నర కిలోమీటర్లే! నిండు టిప్పరు ముందు రెండు టన్నులకు, ఒక టన్నుకు భేదము లేనట్లే. చీకటిలో దీపములు లేక దారి ప్రక్కన ఆగిన లారీ వెనుక భాగమును ఢీకొన్నప్పుడు మరియొక చిక్కు ఉన్నది. బండి ముక్కు లారీ క్రిందికి దూరిపోయి నలుగుటకు అవకాశమే పొందక, లారీ పెట్టె అంచు తిన్నగా అద్దమునకు తగులును. అందుచేతనే లారీల వెనుక అడ్డుకమ్మీ ఉండవలెను, అది గట్టిగా ఉండవలెను.

బండిని ఇంకను గట్టి చేయుదమని ముందు భాగమున బిగించెడి లావుపాటి ఇనుప కమ్మీలు కూడ మేలు చేయవు. అవి నలుగవలసిన ముక్కును బిరుసు చేయును. గాలి సంచికి సంకేతమిచ్చు యంత్రమును తికమక పెట్టవచ్చును. పాదచారికి, సైకిలు మీద పోవువానికి ప్రాణాంతకములగును. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ వీటిని చట్టవిరుద్ధములుగా పరిగణించి తొలగించుమని రాష్ట్రములకు వ్రాసినది.

ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన లెక్క ఇంకొకటి కలదు. పైన చెప్పిన 54 కిలోమీటర్ల ప్రమాదములో, 60 సెంటీమీటర్లు నలిగెడి మంచి బండిలోనే, పది కిలోల శిశువును ఒడిలో పట్టి ఉంచుటకు కావలసిన బలము 190 కిలోల బరువును మోయుటతో సమానము. ఏ తల్లి చేతులును అంత బలము చూపలేవు. అందువలననే 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో తప్పనిసరి అని చెప్పుచున్నది. వెనుక సీటులోని పెద్దలకును ఇదే లెక్క వర్తించును. అరువది కిలోల మనిషి బెల్టు లేక వెనుకనుండి వచ్చి తగిలినచో, ముందు సీటులో బెల్టు ధరించి కూర్చున్నవానికి కూడ అపాయమే. సీటు బెల్టు ధరించుట వలన బండిలోనివారి మరణావకాశము సగము వరకు తగ్గగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

కావున గట్టి బండి రక్షించునా అను ప్రశ్నకు సమాధానమిది: గూడు గట్టిదై, ముక్కు కొలతగా నలుగునదై, లోనివారందరును బెల్టుతో ఆ గూటికి కట్టబడి, వేగము హద్దులో నున్నప్పుడు రక్షించును. వీటిలో మొదటి రెండును తయారీదారుని చేతిలో ఉన్నవి. కొనునప్పుడు వాటిని నక్షత్రముల పట్టికలో, పెద్దలకు వేరుగాను పిల్లలకు వేరుగాను, చూచుకొనవలెను. తక్కిన రెండును ప్రయాణము చేయువారి చేతిలో ఉన్నవి. గనిలోనికి దిగు కార్మికుడు పైకప్పు ఎంత గట్టిదైనను శిరస్త్రాణము ధరింపక దిగడు. సెలవునాడు అతడే కుటుంబముతో బండి ఎక్కినప్పుడు, వెనుక వరుసలోని పిల్లలతో సహా అందరి బెల్టులును బిగించిన పిమ్మటనే ఇంజను స్టార్టు చేయుట మంచిది. దానికి పట్టు కాలము అర నిమిషము.